తొమ్మిదిన్నర అడుగుల స్లాబ్‌కి మధ్యలో లోతుగా ఉండే సీలింగ్ చేయించొచ్చా?

కొత్త ఫ్లాట్ ఓనర్:
అందరికీ నమస్తే. బోడుప్పల్‌ల ఫ్లాట్ తీసుకున్నం, హాల్ 12 ఇంటు 16, టైల్ నుంచి స్లాబ్ దాకా టేపు పెడితే 9 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. మా ఆవిడకు మధ్యల లోపలికి పోయినట్టు ఉండి అంచుల కెల్లి వెలుగు వచ్చే సీలింగ్ కావాల్నంట, వాళ్ల చెల్లె ఇంట్ల చూసొచ్చినప్పటి సంది ఇదే ముచ్చట. మేస్త్రి ఏమో హాల్ మొత్తం 6 అంగుళాలు దించి, దాని కింద చుట్టూ బోర్డర్ ఇంకో 4 అంగుళాలు దించుతా అంటుండు. అంటే అంచుల కాడ 8 అడుగుల 8 అంగుళాలే, గూట్ల కూసున్నట్టు ఉండదా? పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) మంచిదా జిప్సం బోర్డు మంచిదా అది కూడా జెర చెప్పండి.

సైట్ పనోడు:
మధ్యలో ఎందుకు దించడం అండీ, అక్కడ స్లాబే మీ సీలింగ్. చుట్టూ 2 అడుగుల బోర్డర్ ఒక్కటే 6 అంగుళాలు దించండి, అంచుల దగ్గర 9 అడుగులు ఉంటుంది, మధ్యలో తొమ్మిదిన్నర ఎక్కడికీ పోదు. ఫ్యాన్ కూడా స్లాబ్ హుక్కుకే ఉంటుంది, రాడ్ మార్చే పని లేదు. ఖర్చు చూసినా హాల్ 192 చదరపు అడుగులైతే మధ్యలో 8 ఇంటు 12 వదిలేశాక చేసేది 96, సగానికి సగం.

బోర్డర్ లోపలి అంచున ఒకటిన్నర, రెండు అంగుళాల నిలువు పట్టీ లేపి దాని వెనకాల స్ట్రిప్ లైట్ పెట్టించండి, కింద నిలబడితే లైటు కనపడకూడదు వెలుగే కనపడాలి. పట్టీకీ స్లాబ్‌కీ మధ్య 4 అంగుళాల సందు ఉండాల్సిందే, రేపు స్ట్రిప్ పోతే చెయ్యి దూరాలి కదా. ఇంకోటి, చాలామంది వదిలేసేది, మధ్యలో స్లాబ్‌కి లప్పం శుభ్రంగా తీయించండి, పక్క నుంచి లైటు పడితే పగలు కనపడని ఎత్తుపల్లాలన్నీ రాత్రి కనపడతాయి. రంగు మ్యాట్ వేయండి, మెరిసేదైతే స్ట్రిప్‌లోని చిన్న బల్బులు స్లాబ్ మీద చుక్కలు చుక్కలుగా అద్దంలో చూసినట్టే కనపడతాయి.

నా ఓటు జిప్సమే, 12.5 ఎంఎం బోర్డు, పీఓపీ అంత తడిపని ఉండదు. బోర్డు బిగించే కింది ఇనుప పట్టీలు, అదే చానల్స్, ఒకటిన్నర అడుగుకొకటి పడాలి, రెండడుగులకి సాగదీసేవాళ్లు ఉన్నారు, దగ్గరుండి టేపు పెట్టి చూసుకోండి.

కూకట్‌పల్లి అక్క:
తమ్ముడూ రేటు కంటే ముందు కొలత ఎట్లా వేస్తాడో కాగితం మీద రాయించుకో. మా ఇంట్లో అడ్డం కొలత వేశాడు, నిలువు పట్టీ మళ్లీ వేశాడు, అదే పట్టీకి లైటు గాడి అని రన్నింగ్ ఫీట్ లెక్కన ఇంకోసారి వేశాడు, బిల్లు చూసి మా ఆయన ముఖం చూడాలి. ఇంకా పైనోళ్ల బాత్రూం మీ హాల్ పక్కనే ఉంటే చెమ్మ ఏమైనా ఉందేమో ముందే చూసుకో, మాకు సీలింగ్ అయిన మూడు నెలలకి చిన్న పసుపు మరక వచ్చి బోర్డు కోయాల్సి వచ్చింది.

కొత్త ఫ్లాట్ ఓనర్:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. స్ట్రిప్ ఎంత పడ్తది?

సైట్ పనోడు:
లోపలి చుట్టుకొలత 40 అడుగులు, అంటే 12 మీటర్ల చిల్లర. 5 మీటర్ల రోల్స్ మూడు తెచ్చుకోండి. మీటరుకి 10 వాట్లదైతే 120 పైన అవుద్ది కాబట్టి డ్రైవర్ (స్ట్రిప్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) 150 వాట్లది పెట్టండి, సరిగ్గా సరిపోయేది పెడితే వేడెక్కి తొందరగా పోద్ది. కరెంటు ఒక్క చివరి నుంచే ఇస్తే అవతలి చివర వెలుగు తగ్గుద్ది, రెండు మూడు చోట్ల ఇవ్వమనండి. డ్రైవర్‌ని బోర్డు పైన మూసేయొద్దు, చెయ్యి అందే చోట ఉండాలి.

కొత్త ఫ్లాట్ ఓనర్:
నిన్న రాత్రి ఇద్దరం స్టూలెక్కి గోడల మీద స్లాబ్ నుంచి 6 అంగుళాల కింద చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి చూసినం. ఎత్తు బాగనే ఉంది, మా ఆవిడ ఖుషీ. గాని ఏసీ పైపు కోసం బిల్డర్ ఇచ్చిన రంధ్రం ఉంది చూడు, అది టేప్‌కి సరిగ్గా ఒక అంగుళం కింద ఉంది. ఇప్పుడెట్ల?

సైట్ పనోడు:
మంచి పని చేశారు. ఏసీ గాలి లాక్కునేది పై నుంచే, బాక్సుకీ బోర్డర్‌కీ మధ్య 6 అంగుళాలన్నా ఖాళీ ఉండాలి. బాక్సు కిందికి దిగాలి, నీళ్ల పైపుకి వాలు కావాలి కాబట్టి రంధ్రం కూడా దాని వెనకాల కిందికే రావాలి. చానల్స్ ఎక్కకముందే ఆ గోడకి కొత్త రంధ్రం కొట్టించేయండి, రంగులయ్యాక కొడితే దుమ్మంతా ఆ లైటు గాడిలోకే పోయి కూర్చుంటుంది.