పొగాకు కంపెనీలు బ్యాలెట్‌లో గెలిచేది డబ్బుతోనా, ప్రతిపాదనలోని లొసుగులతోనా?

శాక్రమెంటో_పరిశీలకుడు
2012 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు ప్రాప్ 29 (ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదనను అక్కడ ప్రాపొజిషన్, పొట్టిగా ప్రాప్ అంటారు) వచ్చింది. సిగరెట్ ప్యాకెట్ మీద అదనంగా డాలర్ పన్ను వేసి, ఆ డబ్బులో ఎక్కువ భాగం క్యాన్సర్ తదితర జబ్బుల పరిశోధనకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. మార్చి సర్వేలో మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. జూన్‌లో సుమారు 24 వేల ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఈ మధ్యలో ఫిలిప్ మోరిస్, ఆర్‌జే రేనాల్డ్స్ ముందుండగా పొగాకు కంపెనీలు దాదాపు 4.7 కోట్ల డాలర్లు కుమ్మరించాయి. సమర్థించేవాళ్ల దగ్గరున్నది 1.2 కోట్లు. ఇది డబ్బు గెలుపే అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చట్టం_చదివినవాడు
కాదండీ. ఆ డబ్బుతో ఏం చెప్పారో చూడండి. పొగ తాగడం మంచిదని ఒక్క యాడ్‌లోనూ అనలేదు. తెల్లకోటులో డాక్టరమ్మ వచ్చి, ఈ పన్ను సొమ్ము కాలిఫోర్నియాలోనే ఖర్చు పెట్టాలన్న నిబంధన లేదని చెప్పింది. అది నిజం, ప్రతిపాదనలో ఆ వాక్యం లేదు. పైగా తొమ్మిది మందితో కొత్త కమిటీ పెట్టారు. దాంతో ‘మరో ప్రభుత్వ యంత్రాంగం’ అనడానికి ఆస్కారం దొరికింది. పొగాకు కంపెనీలంటే గిట్టని లాస్ ఏంజెలెస్ టైమ్స్ కూడా సంపాదకీయంలో వద్దంది. ప్రతిపాదన రాసినవాళ్లు ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ యాడ్‌కు సరుకే ఉండేది కాదు.

శాక్రమెంటో_పరిశీలకుడు
లొసుగు లేని ప్రతిపాదన ఎక్కడుందండీ? 2016 నవంబర్‌లో ప్రాప్ 56 రెండు డాలర్లు పెంచి, పన్నును 87 సెంట్ల నుంచి 2.87 డాలర్లకు తీసుకెళ్లింది. రాష్ట్ర ఆదాయంలో బడులకు కనీస వాటా ఇవ్వాలనే ప్రాప్ 98 నుంచి ఈ సొమ్మును మినహాయించారు. కంపెనీలు వెంటనే దాన్ని పట్టుకుని, ‘బడిపిల్లల నోటికాడ కూడు లాక్కుని బీమా కంపెనీలకు పెడుతున్నారు’ అనే ధోరణిలో ప్రచారం చేశాయి. సుమారు 7.1 కోట్లు ఖర్చు పెట్టాయి. అయినా 64 శాతంతో నెగ్గింది. ఎందుకంటే ఈసారి సమర్థించేవాళ్ల దగ్గర కూడా దాదాపు 3.5 కోట్లు ఉన్నాయి. ఒకటికి నాలుగు కాస్తా ఒకటికి రెండైంది. జూన్ ప్రైమరీకి (అభ్యర్థులను ఎంచుకునే తొలి విడత ఎన్నికకు) బదులు అధ్యక్ష ఎన్నికల రోజు పెట్టడం కూడా కలిసొచ్చింది. ప్రైమరీకి వచ్చే జనమెంత?

ఒహాయో_తెలుగు
మీరిద్దరూ పన్నుల దగ్గరే ఆగిపోయారు. నాకు ఇంకా ప్రమాదకరంగా కనిపించేది పోటీ ప్రతిపాదన. 2006లో ఒహాయోలో ఆరోగ్య సంఘాలు బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధానికి ఇష్యూ 5 తెచ్చాయి. అది మామూలు చట్టం. రేనాల్డ్స్ డబ్బుతో ఇష్యూ 4 వచ్చింది, పేరు ‘స్మోక్ లెస్ ఒహాయో’. బార్లకూ ఇంకా చాలా చోట్లకూ మినహాయింపులిచ్చి, రాజ్యాంగ సవరణ రూపంలో పెట్టారు. రెండూ గెలిస్తే రాజ్యాంగమే పైచేయి, నిషేధం నీరుగారిపోతుంది. అంటే 5కి అవునని ఓటేస్తే సరిపోదు, 4కి వద్దని కూడా వెయ్యాలి. ఓటర్లు రెండూ చేశారు. అదే ఏడాది అరిజోనా, నెవాడాల్లోనూ పోటీ ప్రతిపాదనలు పెట్టి ఓడిపోయారు.

చట్టం_చదివినవాడు
దీనికి రిఫరెండాన్ని, అంటే అప్పటికే చేసిన చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టమనడాన్ని, కలపండి. రుచులు కలిపిన పొగాకు అమ్మకాన్ని ఆపే ఎస్‌బీ 793 అనే కాలిఫోర్నియా బిల్లు మీద 2020 ఆగస్టులో గవర్నర్ సంతకం పెట్టారు, 2021 జనవరి 1న అమల్లోకి రావాలి. కంపెనీలు సంతకాలు పోగుచేసి రిఫరెండం కోరాయి, చట్టం ఆగిపోయింది. 2022 నవంబర్‌లో ప్రాప్ 31గా ఓటుకొచ్చి 63 శాతంతో నిలబడింది, డిసెంబర్ 21న అమలైంది. ఓడిపోయినా దాదాపు రెండేళ్ల అమ్మకాలు దక్కాయి. ఇక్కడ లొసుగు ప్రతిపాదనలో లేదు, విధానంలోనే ఉందని ఒప్పుకుంటాను.

శాక్రమెంటో_పరిశీలకుడు
ఆ సంతకాలు ఊరికే రాలేదు కదండీ, అవీ డబ్బు పెట్టి సేకరించినవే. ఇంకొకటి, ఆ రిఫరెండంలో ‘యస్’ అంటే చట్టం ఉండాలని, ‘నో’ అంటే పోవాలని అర్థం ఉండేది. చట్టాన్ని అడ్డుకోవడానికే ఓటు పెట్టించారు కాబట్టి ‘యస్’ అంటే రద్దు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. కమిటీ పేరు చూసి మోసపోకండి. యాడ్‌లో ప్రధాన దాతల పేర్లు కనిపించాలని చట్టం ఉంది, ఆ వరుస చదవండి. మొత్తాలు కావాలంటే రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ వారి ఎన్నికల విరాళాల వెబ్‌సైట్ కాల్-యాక్సెస్‌లో ఎవరైనా చూడొచ్చు.