ఊరి ఓమ్నీకి సొంతంగా చేసిన లైట్‌బార్ పెట్టొచ్చా? దానికి ఆర్డుయినో అవసరమా?

చీమకుర్తి చిన్నోడు
అందరికీ నమస్తే. మాది చీమకుర్తి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. పోయినేడు మా యూత్ కుర్రాళ్లం చందాలేసుకుని ఒక పాత ఓమ్నీ కొన్నాం, వెనక సీట్లు పీకేసి స్ట్రెచర్ పెట్టాం, అర్ధరాత్రి ఎవరికైనా బాలేకపోతే ఒంగోలు తీసుకెళ్లడానికి. 108 రాదని కాదు, వస్తుంది, కానీ ఆ బండి వేరే కేసు మీద ఉంటే ఎదురుచూడాల్సిందే కదా. దారంతా గ్రానైట్ లారీలు, హారన్ ఎంత కొట్టినా సైడివ్వరు. అందుకని నేనే ఇంట్లో లైట్‌బార్ (అంబులెన్స్ పైన మెరిసే లైట్ల పట్టీ లాంటిది) చేశా. అల్యూమినియం ఛానల్, 3 వాట్ల ఎల్ఈడీలు 24 (మూడేసి చొప్పున 4 ఎరుపు గ్రూపులు, 4 నీలం), ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), గ్రూపులకి స్విచ్‌ల్లా ఎనిమిది ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్ఫెట్లు, నానోకి 5 వోల్టులివ్వడానికి 7805 రెగ్యులేటర్, పైన అక్రిలిక్ మూత. మొత్తం 14 ప్యాటర్న్‌లు, బటన్ నొక్కితే మారతాయి. టేబుల్ మీద అదిరిపోయింది. బండికి పెడితే మాత్రం ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడల్లా మళ్లీ మొదటి ప్యాటర్న్‌కి వచ్చేస్తోంది. ఇంకోటి, మా సీనియర్ ఒకాయన అసలు పెట్టడమే తప్పంటున్నాడు. మీరేమంటారు?

సోల్డర్ బాబాయ్, రాజమండ్రి
బాబూ, మిణుక్ మిణుక్ మనడానికి కంప్యూటర్ ఎందుకండి? టిక్కు టిక్కు మనే 555 టైమర్ చిప్పు ఒకటి, ఆ టిక్కుల్ని లెక్కపెట్టి ఒక్కో కాలికి వరసగా ఇచ్చే సీడీ4017 చిప్పు ఒకటి. 4017 పది కాళ్లలో 0, 2 కాళ్లు డయోడ్ల మీదుగా ఎడమకి, 5, 7 కాళ్లు కుడికి ఇచ్చావనుకో, టకటక ఇటు రెండు, టకటక అటు రెండు, అచ్చం పోలీసు బండిలాగే. చివర్న ట్రాన్సిస్టర్లు పెట్టుకోవాలి లెండి, 4017 కాలికి కొద్ది మిల్లీఆంప్స్‌కి మించి దమ్ముండదు. ముప్పై ఏళ్ల కిందట నేను చేసిన ఫ్లాషర్లు ఇంకా లారీల మీద తిరుగుతున్నాయి. ప్రోగ్రామూ లేదు, రీసెట్టూ లేదు.

కోఠి గల్లీ
బాబాయ్ గారూ మీ మీద గౌరవం ఉంది కానీ తప్పు మైక్రోకంట్రోలర్‌ది కాదు, పవర్‌ది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఒక్కసారి 7 వోల్టుల దాకా కూడా పడిపోవచ్చు, 7805కి లోపలికి కనీసం ఓ రెండు వోల్టులు ఎక్కువ రావాలి, లేకపోతే 5 నిలబెట్టలేదు, ముందు డయోడ్ కూడా ఉంటే ఇంకా తక్కువ, నానో పడుకుని లేస్తుంది. లేవగానే మొదటి నుంచి మొదలు, అంతే. డయోడ్ తర్వాత పెద్ద కెపాసిటర్ ఒకటి పెట్టు బ్రో, నడుస్తున్న ప్యాటర్న్ నంబర్ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా మర్చిపోని మెమరీ) రాసుకో, లేచాక అక్కడి నుంచే ఎత్తుకుంటుంది.

అసలు పెద్ద తప్పు ఇంకోటుంది, ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ గేటుకి (దాన్ని ఆన్, ఆఫ్ చేసే కాలు) నానో ఇచ్చే 5 వోల్టులు సరిగ్గా చాలవు, పూర్తిగా తెరుచుకోవాలంటే 10 కావాలి, సగం తెరుచుకుని వేడెక్కొచ్చు. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అడుగు, మధ్యలో ఎల్ ఉండాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చాలామంది షాపోళ్లు రెండూ ఒకటేనని ఇచ్చేస్తారు, మీద రాసింది చదివి తీసుకో. గేటు నుంచి గ్రౌండుకి 10కె రెసిస్టర్ కూడా వెయ్యి, లేకపోతే రీసెట్ అయ్యే ఆ క్షణంలో గేటు గాల్లో వేలాడుతుంది, లైట్లు పిచ్చిగా వెలుగుతాయి.

సోల్డర్ బాబాయ్, రాజమండ్రి
చూశారా, ఒక మిణుకుకి ఎన్ని మందులో! ఇంతకీ ఎల్ఈడీలకి కరెంటు ఎలా కట్టడి చేశావు బాబూ?

చీమకుర్తి చిన్నోడు
రెసిస్టర్లే బాబాయ్. గ్రూపుకి ఒకటి.

సోల్డర్ బాబాయ్, రాజమండ్రి
అదిగో. ఇంజన్ ఆన్‌లో ఉంటే 14.4 వోల్టులొస్తాయి. మూడు నీలం ఎల్ఈడీలు పది తింటే 4.4 మిగులుతుంది, 700 మిల్లీఆంప్స్ దగ్గర మూడు వాట్ల పైన రెసిస్టర్‌లోనే కాలుతుంది. ఎరుపుకి మూడూ కలిపి ఆరున్నరే, అంటే రెసిస్టర్ మీద ఐదున్నర వాట్లు. మూత మూసిన పెట్టెలో, మే నెల ఒంగోలు ఎండలో! పైగా ఇంజన్ ఆపితే 12కి దిగి నీలం సగం కూడా వెలగదు. కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్లు (వోల్టేజీ మారినా కరెంటు మారనివ్వనివి) పెట్టు. ఇది మాత్రం 555 అయినా నీ నానో అయినా ఒకటే. ఎనిమిదీ ఒక్కసారి వెలిగితే ఐదున్నర ఆంప్స్ దాటుతుంది, ఫ్యూజు పెట్టావా అసలు?

నైట్ డ్యూటీ 65
నేను అంబులెన్స్ నడుపుత, తొమ్మిదేండ్లాయె, ఎక్కువ సూర్యాపేట దిక్కు 65 హైవే మీద. తమ్మీ నువ్వు మంచి పని చేస్తున్నవ్, ముందుగాల అది చెప్తున్న. గని నీ 14 ప్యాటర్న్‌లు చూస్తే నవ్వొచ్చింది. లారీ డ్రైవర్ లైటు జూసి జరగడు, సైరన్ ఇంటే జరుగుతడు, అదీ అద్దం దించుకున్నోడైతేనే. లైటు పనికొచ్చేది చౌరస్తాల కాడ, యాక్సిడెంట్ అయిన కాడ బండి ఆపినప్పుడు. రాత్రి పూట నీ నీలం ఎల్ఈడీలు ఫుల్లు పెట్టినవనుకో, ఎదురుంగ బైక్ మీద వచ్చేటోనికి కండ్లు బైర్లు కమ్ముతయి, రోడ్డు కిందికి దిగుతడు. నేను కండ్లార జూసిన. మంచు పడ్డనాడైతే నీ లైటు నీ అద్దం మీదికే మర్లి కొడ్తది, నీకే తోవ కనవడదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఓనాడు వెనకంగ ఎర్రది నీలిది మెరుసుకుంట వస్తుంటే పోలీసో ఏమో అనుకుని పేషెంట్‌తోని పక్కకు జరిగిన. జూస్తే పెండ్లి కారు, లోపట డీజే. గసుంటియి నాలుగు తలిగినంక లారీ డ్రైవర్ నా లైటు జూసినా ఇదేం పెండ్లో అనుకుంటడు. నీది పెండ్లి కారు కాదని నాకెరుక, ఆనికి ఎట్లెరుక?

కోఠి గల్లీ
అన్నా, రాత్రి వెలుగు తగ్గించాలన్నది కరెక్ట్ పాయింట్, సరిగ్గా అక్కడే బాబాయ్ గారి 4017 చేతులెత్తేస్తుంది. ఎల్‌డీఆర్ (వెలుతురు పసిగట్టే సెన్సర్) ఒకటి పెట్టి, చీకటి పడితే పీడబ్ల్యూఎంతో (కంటికి తెలీనంత వేగంగా ఆన్, ఆఫ్ చేసి) ఐదో వంతుకి దించెయ్యొచ్చు, నానోలో రెండు లైన్ల పని. చిన్నోడూ, నీ ప్యాటర్న్‌లు సెకనుకి ఎన్నిసార్లు కొడుతున్నాయి?

చీమకుర్తి చిన్నోడు
ఫాస్ట్ ప్యాటర్న్ 12 సార్లు. అదే అందరికీ నచ్చింది.

కోఠి గల్లీ
ఎమర్జెన్సీ బళ్ల లైట్లకి యూరప్ వాళ్లు పెట్టిన ఆర్65 రూల్లో సెకనుకి 2 నుంచి 4 సార్లే. మరీ వేగంగా కొడితే బండి ఎంత దూరంలో ఉందో ఎదుటివాడికి అంచనా దొరకదు, మూర్ఛ ఉన్నవాళ్లకి ఇంకా డేంజర్. 14లో 13 తీసేయ్.

బ్లాక్ కోటు
సర్క్యూట్ సంగతి నాకు తెలీదు, చట్టం సంగతి చెబుతా. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 108వ రూలు చదవండి (అవును, నంబర్ కూడా 108 ఏ). 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలే తీసేశారు. ఎరుపు, నీలం, తెలుపు కలిపిన లైట్లు ఫైరింజన్, పోలీసు లాంటి ఎమర్జెన్సీ డ్యూటీ బళ్లకి. అంబులెన్స్‌కి లైటు వేరేగా ఉంది, కానీ ముందు ఆర్‌సీలో అది అంబులెన్స్ అని ఉండాలి. మీ ఓమ్నీ తెల్ల ప్లేటు సొంత బండి. సీట్లు పీకి స్ట్రెచర్ పెట్టడం కూడా మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ కింద మార్పే, పర్మిషన్ తీసుకున్నారా? 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రేపు దేవుడు చల్లగా చూడక గుద్దారనుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది ఈ మార్పుల్నే.

చీమకుర్తి చిన్నోడు
సార్ మరి ప్రాణం పోతుంటే రూల్ చూసుకుంటూ కూర్చోవాలా? ఊరికి వచ్చి చూడండి ఓసారి.

బ్లాక్ కోటు
కూర్చోమన్నానా? సొంత కార్లో పేషెంట్‌ని తీసుకెళ్లడం ఎక్కడా తప్పు కాదు, రోడ్డు మీద పడిన మనిషిని సాయం చేసి తీసుకెళ్తే 134ఏ మీకు రక్షణ కూడా ఇస్తుంది. తీసుకెళ్లండి, హెడ్‌లైట్ వేసుకుని వెళ్లండి. పైన బుగ్గ పెట్టి సిగ్నల్ దాటడమే కుదరదు.

జెర్సీ సుబ్బు
ఇక్కడ న్యూజెర్సీలో వాలంటీర్ ఫైర్, ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్ వాళ్లు సొంత కారుకి నీలం లైటు పెట్టుకోవచ్చు. కానీ దానికీ పర్మిట్ కార్డు ఉండాలి, పైగా అది దారి ఇవ్వమని అడగడమే, సిగ్నల్ దాటే హక్కు మాత్రం రాదు. అలాంటిది మన దగ్గరా పెడితే మీ యూత్ లాంటి వాళ్లకి బాగుండేది.

నైట్ డ్యూటీ 65
మన కాడ గా పర్మిట్ ఇస్తే రేపటికెల్లి సర్పంచ్ బామ్మర్ది కారుకు గూడ నీలం లైటే ఉంటది సుబ్బన్నా 😄

తమ్మీ, పైన లైటు సంగతి ఇడిసిపెట్టు, లోపట లైటు ఎట్లుంది? ఓమ్నీల వచ్చే గా గుడ్డి దీపమేనా? ఎన్క కూసున్నోనికి పేషెంట్ మొకం కనవడాలె, పెదాలు నీలం పడ్డయా, నెత్తురు కారుతున్నదా తెల్వాలె. స్ట్రెచర్ ఎక్కిచ్చేటప్పుడు కాలు ఏడ వెడుతున్నమో తెల్వాలె.

చీమకుర్తి చిన్నోడు
నిజం చెప్పాలంటే సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుంటున్నాం అన్నా. ఆ ఆలోచనే రాలేదు.

చీమకుర్తి చిన్నోడు (మూడు రోజుల తర్వాత)
బార్ దించేశా. మా సీనియర్‌తో కలిసి అంబులెన్స్‌గా మార్చాలంటే ఏం కావాలో అడగడానికి ఆర్టీఏ ఆఫీసుకి సోమవారం వెళ్తున్నాం. పాత బండికి ఇస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే స్ట్రెచర్ కూడా తీసెయ్యాలేమో, అదొక్కటే బాధగా ఉంది. ఇస్తే మాత్రం పైన కంపెనీ లైటే పెడతాం. ఆ నానోనే ఇప్పుడు లోపల లైటుకి వాడుతున్నా, తెల్ల ఎల్ఈడీలు ఆరు, బాబాయ్ చెప్పిన కరెంట్ డ్రైవర్ పెట్టి, ఫ్యూజు కూడా పెట్టి (బాబాయ్ తిట్టక ముందే). తలుపు తీస్తే ఫుల్లు, వేస్తే మెల్లగా సగానికి దిగుతుంది, బండి నడిపేవాడికి అద్దంలో మెరవదు. బ్యాటరీ 11.8కి పడితే తనంతట తనే ఆరిపోతుంది. నిన్న రాత్రే మా వీధిలో ముసలాయన్ని తీసుకెళ్లాం, వెనక కూర్చున్నోడు టార్చ్ పట్టుకోకుండా రెండు చేతులతో ఆయన్ని పట్టుకున్నాడు.

బాబాయ్, బార్ ఛానల్‌నే లోపల సీలింగ్‌కి బిగించా, పైన రంధ్రాల్లోంచి వాన నీళ్లు రాకుండా సిలికాన్ పూశా. చాలా?

సోల్డర్ బాబాయ్, రాజమండ్రి
చాలదు. రంధ్రం అంచుకి ముందు గీకి రెడాక్సైడ్ కొట్టు, లేకపోతే సిలికాన్ కింద తుప్పు తింటది. ఛానల్‌కి అడుగున చివర్న చిన్న బొక్క వదులు, పొద్దున్నే చెమటలా పట్టే నీళ్లు దిగడానికి. దాన్ని మాత్రం పూడ్చకు.