ఫిన్నిష్, ఫిన్: ఇంగ్లిష్‌లో ఎవరిని ఏమనాలి?

కలంకారీ: ఫిన్లాండ్ క్లయింట్‌తో పని మొదలైంది. మా టీమ్‌లో ఒకరు ‘హీ ఈజ్ ఎ ఫిన్నిష్’ అంటారు, ఇంకొకరు ‘ఎ ఫిన్’ అంటారు. ఏది కరెక్టండీ?

బందరు బాబాయ్: మనిషైతే ఫిన్. ‘షీ ఈజ్ ఫిన్నిష్’ అన్నా సరే. ముందు ‘ఎ’ పెడితే మాత్రం వెనక ఇంకో మాట ఉండాలి: ఎ ఫిన్నిష్ ఇంజనీర్, ఎ ఫిన్నిష్ కంపెనీ. ఇండియన్ అన్న మాట రెండు పనులూ చేసేస్తుంది కదా, మనకి తికమక అక్కడే. స్వీడిష్–స్వీడ్, డేనిష్–డేన్, పోలిష్–పోల్, టర్కిష్–టర్క్ అన్నీ ఈ బాపతే. 1920, 1924, 1928 ఒలింపిక్స్‌లో కలిపి 9 బంగారు పతకాలు కొట్టిన ఫిన్లాండ్ పరుగుల వీరుడు పావో నుర్మిని ‘ఫ్లయింగ్ ఫిన్’ అన్నారు. తర్వాత ఫార్ములా వన్ మికా హాకినెన్‌కీ అదే పేరు. ‘ఫ్లయింగ్ ఫిన్నిష్’ అని ఎవరూ అనరు.

పద్మ_ఎస్పూ: బాబాయ్ గారు చెప్పింది వ్యాకరణం. ఇక్కడ ఫిన్లాండ్ ఆఫీసుల్లో ‘ఫిన్నిష్’ అంటే ముందు భాషే. ‘ఫిన్నిష్ రిక్వైర్డ్’ అని ఉద్యోగ ప్రకటనలో ఉంటే భాష రావాలని అర్థం, పాస్‌పోర్ట్ గురించి కాదు. ఫిన్నిష్, స్వీడిష్ రెండూ అధికార భాషలే. సుమారు 5 శాతం మందికి స్వీడిష్ మాతృభాష. మూమిన్ అనే పిల్లల కథలు రాసిన టోవే యాన్సన్ ఫిన్నిష్ రచయిత్రే, రాసింది మాత్రం స్వీడిష్‌లో. లినక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ పుట్టింది హెల్సింకీలో, ఆయన ఇంటి భాషా స్వీడిషే. అందుకని ‘ఫిన్నిష్ రచయిత’ అని కనబడగానే ఫిన్నిష్ భాషలో రాశారనుకోకండి.

నస_నాగేశ్వర్: మరి ఫిన్నిక్?

పద్మ_ఎస్పూ: అది భాషల గుంపు పేరు. ఫిన్నిష్, ఎస్టోనియన్, కరేలియన్ అందులోవి. ఫిన్లాండ్ మనిషిని అలా అనరు. స్వీడిష్ ఆ గుంపు కాదు, అసలా కుటుంబమే కాదు.

ప్రూఫ్_పిచ్చి: రెజ్యూమేలు చూసేవాడిగా ఒక మాట. లాంగ్వేజెస్ కింద ‘ఫినిష్’ అని ఒకటే ఎన్‌తో పంపేస్తుంటారు. అది ముగించడం అన్న మాట. పలకడం రెండూ ఒకటే, పైగా స్పెల్లింగ్ సరైనదే కాబట్టి స్పెల్‌చెక్ నోరెత్తదు. ఎన్ రెండు, ఎఫ్ ఎప్పుడూ పెద్దది. మన పత్రికలు ‘ఫిన్నిష్’ అని ఒత్తు పెట్టి రాయడం ఇంగ్లిష్ ఉచ్చారణకి సరిపోదు గానీ, తేడా తెలియడానికి పనికొస్తుంది. నేనైతే ఒత్తుకే ఓటేస్తా.

పద్మ_ఎస్పూ: ఒత్తూ దీర్ఘమూ ఫిన్నిష్ భాషకి ప్రాణం! తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. విభక్తులు కూడా మనలా మాట చివరే: తలొ ఇల్లు, తలొస్స ఇంట్లో, తలొస్త ఇంట్లోంచి, తలోన్ ఇంట్లోకి. నాకు క్లాసులో ఇంగ్లిష్‌లో చెప్తే ఎక్కనిది, తెలుగులో అనుకుంటే ఎక్కింది.

కలంకారీ: థాంక్సండీ. మా మేనేజర్ ఇంట్లో స్వీడిష్ మాట్లాడతారట. ఆవిణ్ణి ఫిన్ అనొచ్చా?

పద్మ_ఎస్పూ: ఇంగ్లిష్‌లో మామూలుగా అనేస్తారు. స్వీడిష్‌లో అయితే రెండు మాటలున్నాయి: దేశవాసి ఎవరైనా ‘ఫిన్‌లెండారె’, ఫిన్నిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ‘ఫిన్నె’. ఆ పట్టింపు ఉన్నవాళ్ళకి ఇంగ్లిష్ ‘ఫిన్’ కూడా కొంచెం గుచ్చుకోవచ్చు. ‘షీ ఈజ్ ఫిన్నిష్’ అనండి, ఏ గొడవా ఉండదు. స్వీడిష్ అని మాత్రం అనకండి, ఆవిడ స్వీడన్ మనిషి కాదు.