“ఐ హావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే” ఎందుకు తప్పు? “సిన్స్ త్రీ ఇయర్స్” సంగతేంటి?

బెళ్లందూరు_టెస్టర్:
అందరికీ నమస్కారం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పొద్దున స్టాండప్ కాల్ (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్), సాయంత్రం క్లయింటుకు స్టేటస్ మెయిల్. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఈ నాలుగు వాక్యాలనూ మా లీడ్ దిద్దాడు గానీ కారణం చెప్పలేదు.

“ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే.”
“ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ ప్రాజెక్ట్ సిన్స్ త్రీ ఇయర్స్.”
“వెన్ హావ్ యూ రెయిజ్డ్ ద బగ్?”
“లాస్ట్ వీక్ ఐ హాడ్ టెస్టెడ్ ద లాగిన్ పేజ్.”

మనకు “పంపాను” ఒక్కటి చాలు. వాళ్లకు సెంట్, హావ్ సెంట్, హాడ్ సెంట్ మూడూ ఎందుకు? కాల్‌లో ఆలోచించుకునే టైమ్ ఉండదు, టక్కున పట్టుకునే గుర్తేదైనా చెప్పండి.

క్రియాపదం:
ఒకటోది, మూడోది ఒకే తప్పండి. ఇలాంటి వాక్యాల్లో “హావ్” పెడితే పని అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడు ఉంది అని మాత్రమే అర్థం. ఎప్పుడు జరిగిందన్నది దానికి పట్టదు. అందుకని యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2023 లాంటి మాట వాక్యంలోకి వచ్చిందంటే హావ్ తీసేయాలి. “ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్” సరే, “ఐ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే” సరే, రెండూ కలిపితేనే చిక్కు. “వెన్” అని అడిగినా టైమ్ అడిగినట్టే కాబట్టి “వెన్ డిడ్ యూ రెయిజ్ ద బగ్?” అనాలి. డిడ్ వచ్చాక రెయిజ్డ్ అనకండి, ఇది ఇంకో పాత అలవాటు.

స్టేటస్ మెయిల్‌కు ఒక పద్ధతి పెట్టుకోండి: మొదటి వాక్యంలో కబురు హావ్‌తో, తర్వాత వివరాలన్నీ మామూలు పాస్ట్‌లో. “వి హావ్ కంప్లీటెడ్ ద రిగ్రెషన్ టెస్టింగ్. వి ఫౌండ్ ఫోర్ బగ్స్ యెస్టర్‌డే అండ్ రీటెస్టెడ్ టూ ఆఫ్ దెమ్ లాస్ట్ నైట్.” ఇంగ్లీషు పేపర్లలో వార్తలు కూడా చాలావరకు ఇలాగే నడుస్తాయి, గమనించండి.

“దిస్ మార్నింగ్” దగ్గర మాత్రం గడియారం చూసుకోవాలి. పదకొండింటికి మాట్లాడుతుంటే పొద్దు ఇంకా అయిపోలేదు, “ఐ హావ్ టెస్టెడ్ టూ మాడ్యూల్స్ దిస్ మార్నింగ్” చెల్లుతుంది. సాయంత్రం నాలుగింటికైతే “ఐ టెస్టెడ్”.

ఇక హాడ్. జరిగిపోయిన పనులు రెండు ఉండి, ఏది ముందో తేల్చాల్సి వస్తేనే దాని అవసరం. “వెన్ ద బిల్డ్ క్రాష్డ్, ఐ హాడ్ ఆల్‌రెడీ టెస్టెడ్ ద లాగిన్ పేజ్.” ఒంటరిగా హాడ్ వాడితే వినేవాడు “దేనికంటే ముందు?” అని ఎదురుచూస్తూ ఉంటాడు. మీ నాలుగో వాక్యంలో హాడ్ కొట్టేయండి, అంతే.

తుంగభద్ర_తీరం:
రెండో వాక్యం మీద కాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి, మనవాళ్లందరూ పడేది అక్కడే. తెలుగులో “2019 నుంచి”, “మూడేళ్ల నుంచి” రెంటికీ “నుంచి” సరిపోతుంది. ఇంగ్లీషులో దారులు వేరు. “నుంచి”కి ముందున్నది మొదలైన క్షణమా, గడిచిన కాలమా చూడండి. 2019, మండే, మార్చ్, “ఐ జాయిన్డ్” ఇవి మొదలు, వీటికి సిన్స్. త్రీ ఇయర్స్, టూ వీక్స్, ఎ లాంగ్ టైమ్ ఇవి కొలత, వీటికి ఫర్. “సిన్స్ లాంగ్” అని మెయిళ్లలో కనిపిస్తూ ఉంటుంది, అది కూడా “ఫర్ ఎ లాంగ్ టైమ్” కావాలి.

రెండో సగం క్రియ. “చేస్తున్నాను” అని మనం వర్తమానంలో అంటాం కాబట్టి “యామ్ వర్కింగ్” వచ్చేస్తుంది. ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతుంటే వాళ్లకు “హావ్ బీన్ వర్కింగ్” కావాలి. బెంగళూరు మెట్రో రైలు, అదే నమ్మ మెట్రోనే తీసుకోండి: “నమ్మ మెట్రో స్టార్టెడ్ ఇన్ 2011.” “ఇట్ హాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ 2011.” సంవత్సరం అదే, మొదటిది ముగిసిన ఘటన, రెండోది సాగుతున్న పని.

నో (తెలుసు), హావ్ (నా దగ్గర ఉంది), లైక్ లాంటి స్థితి చెప్పే క్రియలకు ఇంగ్ తగిలించకండి. “ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్”, “ఐ హావ్ హాడ్ దిస్ లాప్‌టాప్ సిన్స్ 2021.” హావ్ పక్కన హాడ్ చూసి తప్పనుకోవద్దు, సరైనదే.

మీ వాక్యం: “ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ ఫర్ త్రీ ఇయర్స్.” ప్రాజెక్టుకు “ఆన్” అని కూడా గమనించారా?

కోరమంగల_కాపీ:
పై జవాబులు బాగున్నాయి గానీ అన్ని తప్పులకూ ఒకే బరువు లేదు. “సిన్స్ త్రీ ఇయర్స్” అంటే బెంగళూరులో ఎవరికైనా అర్థమవుతుంది, చెవికి గుచ్చుకుంటుంది అంతే. ఇంటర్వ్యూలో “ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్” అన్నారనుకోండి, మానేశారని అర్థం. ఇంకా అక్కడే ఉంటే “లాస్ట్ వర్కింగ్ డే ఎప్పుడు?” అన్న ప్రశ్న వస్తుంది. ముందు ఇలా అర్థం మారే తప్పులు సరిచేసుకోండి.

క్లయింటు అమెరికా వాళ్లయితే ఇంకో మాట. జస్ట్, ఆల్‌రెడీ, యెట్ ఉన్నచోట వాళ్లు మామూలు పాస్ట్ కూడా వాడతారు: “డిడ్ యూ సెండ్ ఇట్ యెట్?” బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా “హావ్ యూ సెంట్ ఇట్ యెట్?” అంటారు. రెండూ నడుస్తాయి, వాళ్ల మెయిల్ చూసి దిద్దుకోకండి.

బెళ్లందూరు_టెస్టర్:
అందరికీ థ్యాంక్స్. ఇది సరేనా? “అవర్ మేనేజర్ హాజ్ గాన్ టు చెన్నై లాస్ట్ మండే అండ్ కేమ్ బ్యాక్ ఆన్ వెన్స్‌డే.”

క్రియాపదం:
“లాస్ట్ మండే” ఉంది కదా, హాజ్ తీసేసి “వెంట్” పెట్టండి. రోజు చెప్పకపోయినా ఇక్కడ “హాజ్ గాన్” కుదరదు, అంటే ఇంకా చెన్నైలోనే ఉన్నారని. వెళ్లి వచ్చేశారని చెప్పాలంటే “హాజ్ బీన్ టు చెన్నై”.