వేడెక్కాక మూడో గేరు జారుతోంది: లోపం ఎక్కడ?

నాది ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్రోలు కారు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) రకం, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు గేర్లు మెత్తగా మారతాయి. ఇరవై నిమిషాలు నడిపాక మాత్రం రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు ఇంజిన్ 2,000 నుంచి 3,200 ఆర్‌పీఎంకు ఎగిసి, క్షణం తర్వాత కుదుపుతో గేరు పడుతోంది. మిగతా గేర్లకు ఏ ఇబ్బందీ లేదు. స్కానర్‌లో పి0733 అనే లోపం కోడ్ వచ్చింది, అంటే మూడో గేరు నిష్పత్తి తప్పుతోంది.

గేర్‌బాక్స్ పాత ఆయిల్ ముదురు గోధుమ రంగులో, కాస్త మాడు వాసనతో ఉంది. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి అంటుకుంది, లోహపు ముక్కలు లేవు. ఫిల్టరు, ఆయిల్ మార్చి, వేడి మీద మట్టం సరిచూశాను. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. మెకానిక్ మొత్తం విప్పాలంటున్నాడు. అంత ఖర్చుకు ముందు కారణం తెలియాలి.

గేర్‌బాక్స్ దించకుండానే, లోపం సోలెనాయిడ్‌లో (ఆయిల్ ఒత్తిడిని నియంత్రించే విద్యుత్ వాల్వు) ఉందా, క్లచ్ ప్యాక్‌లో (గేరును పట్టి ఉంచే ఘర్షణ పలకల కట్ట) ఉందా అని తేల్చే పరీక్ష ఏది?