అక్టోబరులో పాంపేయి: ఒక్క రోజు ప్రయాణానికి ఏర్పాట్లు

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. దసరా సంబరాలు ముగిశాక వచ్చే శనివారం నేపుల్స్ దగ్గరున్న పాంపేయి వెళ్లాలని రోమ్‌లోని మన తెలుగు సంఘం కార్యవర్గం తీర్మానించింది. రోమ్ నుంచి తెల్లవారుతూనే బయలుదేరి రాత్రి భోజనాల వేళకు తిరిగి రావాలి. ఈసారి పేర్లిచ్చినవారిలో చాలామంది పిల్లలను చూడడానికి మన దేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులే. చంటిపిల్లలున్న కుటుంబాలూ ఉన్నాయి. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ఈ ప్రయాణాన్ని పెద్దవాళ్ల నడకను బట్టి తీర్చిదిద్దుదాం. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనం ఏ శనివారమైనా మళ్లీ వెళ్లగలం. మూడు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అది కుదరదు.

పాంపేయి ఒక గుడో కోటో కాదు, ఊరికి ఊరే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిద, రాళ్ల కింద పూడిపోయిన పట్టణం. విస్తీర్ణం దాదాపు 66 హెక్టార్లు, అంటే 160 ఎకరాల పైమాట. 1748లో తవ్వకాలు మొదలైనా, మూడో వంతు భాగం ఇప్పటికీ మట్టి కిందే ఉంది. బయటపడినదంతా ఒక్క పూటలో చూసేయాలనుకుంటే కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలవు. ఒకే దారి ఎంచుకుని, దాని మీద ఉన్నవి నిదానంగా చూద్దాం.

రవాణా, టికెట్లు, భోజనాలు, పెద్దల తోడు, పిల్లల తోడు. ఈ ఐదు పనులకు మనుషులు కావాలి. ఎవరు ఏది తీసుకుంటారో రాయండి.

రవాణా బాధ్యుడు:

రవాణా నేను చూస్తానన్నయ్యా. రైలా, బస్సా అన్నది ముందు తేల్చుకుందాం. వేగంగా వెళ్లే రైలైతే రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలే. కానీ అక్కడ దిగి, కింది అంతస్తులోని స్టేషన్‌లో చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు ఎక్కి, మరో నలభై నిమిషాలు వెళ్లాలి. దిగాల్సిన స్టేషన్ పేరు ‘పాంపేయి స్కావి – విల్లా దెయి మిస్తేరి’. ఆ లోకల్ రైలు కిక్కిరిసి ఉంటుంది, చాలాసార్లు నిలబడే వెళ్లాలి, జేబుదొంగల బెడదా ఉంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులైతే నేను రైలే మేలంటాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో, పిల్లల బండ్లతో వెళ్లే యాభై మందికి మాత్రం బస్సే సరి.

అయితే బస్సుకు ఒక కట్టుబాటుంది. ఐరోపా నిబంధనల ప్రకారం డ్రైవరుకు రోజుకు మామూలుగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. అంటే డ్రైవరు పని మొదలుపెట్టినప్పటి నుంచి 13 గంటల్లో మన రోజు ముగియాలి. పొద్దున్నే ఆరున్నరకు కదిలితే రాత్రి ఏడున్నరకు ముందే రోమ్‌లో దిగిపోవాలన్నమాట. ‘ఇంకో అరగంట ఆగుదాం’ అని ఆయనను బతిమాలే పరిస్థితి రాకూడదు. అది ఆయన ఉద్యోగానికి, మన భద్రతకు సంబంధించిన విషయం. ఆరుంబావుకల్లా అందరూ బస్సు దగ్గర ఉండాలి.

యువజన విభాగం నుంచి:

అన్నయ్యా, అంత దూరం వెళ్లి వెసూవియస్ ఎక్కకుండా రావడమేనా? బస్సు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు వరకు వెళ్తుంది. అక్కడి నుంచి అరగంట నడిస్తే అగ్నిపర్వతం నోరు కనిపిస్తుంది. కుర్రవాళ్లమంతా అడుగుతున్నాం.

సమన్వయకర్త:

మీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది తమ్ముడూ. కానీ కొండకు వెళ్తే మూడు గంటలు పోతాయి. ఆ మూడు గంటలూ పెద్దలు బస్సులో కూర్చోవాలి. కొండ కోసం వసంతకాలంలో విద్యార్థులంతా కలిసి వేరే ప్రయాణం పెట్టుకోండి, ఏర్పాట్లకు నేను సాయం చేస్తాను. ఈసారికి వెసూవియస్‌ను ఫోరమ్ అనే ఊరి ప్రధాన కూడలి మధ్యలో నిలబడి చూద్దాం. జూపిటర్ ఆలయం వెనక కొండ నిండుగా కనిపిస్తుంది.

గ్రంథాలయం చూసే సభ్యురాలు:

కొండ మానేస్తే, మిగిలిన సమయానికి నా దగ్గర ఒక కోరిక ఉంది. తిరుగు దారిలో నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో గంటన్నర ఆగుదాం. పాంపేయిలో దొరికిన కుడ్యచిత్రాలు, రంగురాళ్లు పొదిగిన మొజాయిక్‌లలో మేలైనవి అక్కడే ఉన్నాయి. కానీ నేను అడుగుతున్నది ఒక చిన్న దంతపు బొమ్మ కోసం.

1938లో పురావస్తు శాస్త్రవేత్త అమెడియో మయూరి, పాంపేయి ప్రధాన వీధి పక్కనున్న ఒక ఇంట్లో దాన్ని వెలికితీశారు. ఎత్తు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఏనుగు దంతంలో చెక్కిన స్త్రీమూర్తి. చేతుల నిండా గాజులు, కాళ్లకు వరుసలు వరుసలుగా కడియాలు, మెడలో బరువైన హారాలు, నడుముకు మొలనూలు. అటూ ఇటూ అలంకరణ సామగ్రి పట్టుకున్న ఇద్దరు చిన్న పరిచారికలు. తల మీద నుంచి కిందికి ఒక రంధ్రం ఉంది. అందుకే అది అద్దం పిడి అని కొందరు, చిన్న బల్లకు కాలు అని కొందరు అంటారు. పీఠం మీద ఖరోష్ఠి అనే ప్రాచీన భారతీయ లిపిలో ఒక అక్షరం చెక్కి ఉంది. మొదట లక్ష్మీదేవి అనుకున్నారు, ‘పాంపేయి లక్ష్మి’ అన్న పేరు అలాగే స్థిరపడింది. యక్షిణి కావచ్చని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం.

ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్ తవ్వకాల్లో దొరికాయి. రెండూ ఒకప్పుడు శాతవాహనుల ఏలుబడిలో ఉన్న ప్రాంతాలు. ఆ శాతవాహనుల పేరు చెబితే మనకు కోటిలింగాల, ధాన్యకటకం గుర్తుకు రాకుండా ఉంటాయా? మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి బయటపడింది. దక్కన్ నుంచి సరుకు ఇటు వచ్చింది, రోమ్ నుంచి డబ్బు అటు వెళ్లింది. ఆ రాకపోకల్లోనే ఎవరో ఈ బొమ్మను సముద్రం దాటించి తెచ్చారు. ఇటలీలో మన తరాన్ని మొదటిదిగా అనుకుంటాం కానీ, మన వైపు పనితనం రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడ ఒకరి ఇంట్లో కొలువుతీరింది. మన పెద్దలకు, ఇక్కడే పుట్టిన మన పిల్లలకు దాన్ని కళ్లారా చూపించాలని నా ఆశ.

ఇద్దరు పిల్లల తల్లి:

అక్కా, మీరు రాసింది చదివాక నాకూ చూడాలనిపిస్తోంది. ఒక సందేహం. ఆ బొమ్మను ఉంచింది ‘రహస్య మందిరం’ అనే విభాగంలోనని, అక్కడ శృంగార చిత్రాలు, శిల్పాలు ఉంటాయని విన్నాను. మా పెద్దవాడికి పదకొండేళ్లు. మా అత్తగారూ వస్తున్నారు. ముందే తెలియకుండా లోపలికి వెళ్తే అందరికీ ఇబ్బంది.

గ్రంథాలయం చూసే సభ్యురాలు:

అడిగినందుకు సంతోషం. నిజమే, ఆ విభాగం అలాంటిదే. 14 ఏళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా వెళ్లకూడదని మ్యూజియం నియమం కూడా ఉంది. కాబట్టి ఎవరినీ తొందరపెట్టవద్దు. ఎవరి పిల్లల విషయం వారే నిర్ణయించుకుంటారు. వెళ్లనివారి కోసం బొమ్మ పెద్ద ఫోటో అచ్చు వేయించి తెస్తాను, బస్సులోనే దాని సంగతంతా చెబుతాను. మ్యూజియంలో కొన్ని గదులు ఒక్కోసారి మూసి ఉంటాయి, వస్తువులు ప్రదర్శనలకు వేరే ఊళ్లకు వెళ్తుంటాయి. ప్రయాణానికి వారం ముందు ఫోన్ చేసి బొమ్మ అక్కడే ఉందో లేదో కనుక్కుంటాను. లేదంటే మ్యూజియం మానేసి పాంపేయిలోనే మరో గంట గడుపుదాం. మంగళవారం మ్యూజియానికి సెలవు, మనది శనివారం కాబట్టి ఆ చిక్కు లేదు.

టికెట్ల బాధ్యురాలు:

టికెట్లు నేను తీసుకుంటాను. దయచేసి ఈ సందేశం పూర్తిగా చదవండి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

2024 నవంబరు నుంచి పాంపేయిలోకి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు. మనం వెళ్లే కాలంలో ఉదయం 9 నుంచి ఒంటిగంట వరకు 15,000, ఆ తర్వాత 5,000. టికెట్టు మీద మనిషి పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు పత్రం అడుగుతారు. కాబట్టి పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే పంపండి. మనలో చాలామందికి ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో పత్రంలో పొడి అక్షరంగా ఉంటుంది. ఆ రోజు ఏ పత్రం జేబులో పెట్టుకుని వస్తారో అందులోని పేరే ఇవ్వండి.

18 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, అయినా వారికీ టికెట్టు తీసుకోవాలి, పేరూ ఇవ్వాలి. 18 నిండి 25 నిండనివారికి రెండు యూరోల టికెట్టు ఉంది కానీ అది ఐరోపా సమాఖ్య పౌరులకు మాత్రమే. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నా మన భారతీయ విద్యార్థుల్లో చాలామంది పూర్తి ధర కట్టాల్సిందే. ఉపకార వేతనం మీద నెట్టుకొస్తున్న పిల్లలకు ఇది భారం. వారి టికెట్టులో సగం సంఘం నిధి నుంచి భరించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం కదా, అప్పుడే వెళ్దాం అని ఇద్దరు అడిగారు. ఆ రోజు జనం విరగబడతారు. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దమనిషిని ఆ గుంపులోకి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు.

కోశాధికారి:

విద్యార్థుల సగం ఖర్చుకు ఆమోదం ఉంది. ఉగాది కార్యక్రమంలో మిగిలిన సొమ్ము అందుకు సరిపోతుంది. ఎవరికి సాయం అందిందో పేర్లు బయటపెట్టవద్దు, నాకు నేరుగా రాస్తే చాలు.

సమన్వయకర్త:

నడక దారి ఇలా అనుకున్నాను. పాంపేయికి మూడు ప్రవేశాలున్నాయి. గుంపులు ఎక్కువగా పోర్తా మరీనా వైపు చేరతాయి, అక్కడ దారి ఎత్తుగా ఉంటుంది. మనం పియాజా అన్‌ఫితెయాత్రో వైపు నుంచి వెళ్దాం. చక్రాల కుర్చీలకు, పిల్లల బండ్లకు అనువుగా తీర్చిన దారి అక్కడే మొదలవుతుంది.

మొదట క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టిన ఆంఫిథియేటర్, అంటే జనం చుట్టూ కూర్చుని ఆటలు చూసే క్రీడాంగణం. క్రీ.శ. 59లో ఇక్కడ పాంపేయివారికి, పొరుగున ఉన్న నుచేరియా ఊరివారికి ఆటల మధ్యలో ఘర్షణ జరిగి చాలామంది చనిపోయారు. రోమ్ పాలకులు పదేళ్ల పాటు ఇక్కడ ఆటలు నిషేధించారు. దగ్గరలోనే ‘పారిపోతున్నవారి తోట’. బూడిదలో మనుషుల దేహాలు శిథిలమై ఏర్పడిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి వారి ఆకారాలను నిలిపే పద్ధతిని 1863లో జుసెప్పె ఫియొరెల్లి చేపట్టారు. ఈ తోటలో అలాంటివి పదమూడు ఉన్నాయి, వాటిలో పిల్లలూ ఉన్నారు. అక్కడ గట్టిగా మాట్లాడడం, ఆ ఆకారాల ముందు నవ్వుతూ ఫోటోలు దిగడం వద్దు. అవి ప్రాణాలు పోయిన మనుషుల ఆనవాళ్లు. చిన్నపిల్లలు జడుసుకుంటారనుకుంటే తల్లిదండ్రులు బయటే ఆగండి, ఒక కార్యకర్త తోడుంటారు.

అక్కడి నుంచి ‘వియా దెల్ అబ్బొందాంజా’ అనే ప్రధాన వీధి. దంతపు బొమ్మ దొరికిన ఇల్లు ఈ వీధి పక్కనే ఉంది. దానికి దగ్గరలోనే వెతూతియస్ ప్లాకిడస్ అనే ఆయన నడిపిన తినుబండారాల అంగడి. మన కర్రీ పాయింట్‌లాగే వీధి వైపు గట్టు, గట్టులో దించిన పెద్ద కుండలు. ఒక కుండలో దాదాపు మూడు కిలోల నాణేలు దొరికాయి. వెనక గోడ మీద ఇంటి దేవతల మందిరం చక్కగా రంగులతో ఉంది. వ్యాపారానికి దేవుడైన మెర్క్యురీ అందులో కనిపిస్తాడు. మన అమ్మమ్మలకు ఎవరూ వివరించకుండానే ఆ గట్టూ ఆ దేవుడి గూడూ అర్థమవుతాయి. ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ ఆగుదాం. వీధికి అడ్డంగా, పాదచారులు దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు, వాటి మధ్య బండి చక్రాల గాడులు పిల్లలకు చూపించండి. తర్వాత స్టేబియన్ స్నానశాలలు, ఫోరమ్, అక్కడితో చాలు. ఒంటిగంటకు బయటికి.

ఇంకొక మాట. ఇటలీలో గుంపుకు గైడుగా వ్యవహరించాలంటే లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సు ఉన్న గైడునే మాట్లాడుకుందాం. తెలుగులో చెప్పాల్సినవి మన గ్రంథాలయం అక్క బస్సులోనే చెబుతారు.

భోజనాల బృందం:

పులిహోర, మెత్తటి చపాతీలు, బంగాళాదుంప వేపుడు, పచ్చడి. పెరుగన్నం ఐస్ పెట్టెలో తెస్తాం. శిథిలాల మధ్య తినడం బాగుండదు కాబట్టి భోజనాలన్నీ బయటికి వచ్చాకే. లోపల తాగునీటి కుళాయిలున్నాయి, ఖాళీ సీసాలు తెచ్చుకోండి. మధుమేహం ఉన్నవారికి పదకొండింటికి బిస్కెట్లు, పండు వేరుగా సంచిలో ఇస్తాం, పేర్లు చెప్పండి. చెత్త మొత్తం మన సంచుల్లోనే తిరిగి రావాలి.

పెద్దల తోడుకు పేరిచ్చిన విద్యార్థి:

నేనూ, మా గదిలోని మరో ముగ్గురూ పెద్దలకు తోడుగా ఉంటాం. ఒక్కొక్కరం ఇద్దరు పెద్దల చొప్పున చూసుకుంటాం. వారి మందులు, ఇంటివారి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి మా దగ్గర ఉంచుకుంటాం. అత్యవసరమైతే 112. రాళ్ల దారి కాబట్టి చెప్పులు, మడమల బూట్లు వద్దని పెద్దమ్మలందరికీ ముందే చెప్పండి.

టికెట్ల బాధ్యురాలు:

చివరగా, 30 × 30 × 15 సెంటీమీటర్ల కంటే పెద్ద సంచులను లోపలికి అనుమతించరు. చంటిపిల్లల సామాను చిన్న సంచిలో సర్దుకోండి, మిగిలినవి బస్సులో ఉంచుదాం. వచ్చే ఆదివారం రాత్రిలోగా ప్రతి ఇంటి నుంచి పేర్లు, పుట్టిన తేదీలు, చక్రాల కుర్చీ కావాలా, మ్యూజియం విభాగానికి పిల్లలు వస్తారా రారా అన్న వివరాలు నాకు చేరాలి. సోమవారం పొద్దున టికెట్లు కొంటాను. పేరు లేనివారికి ఆ రోజు గేటు దగ్గర దొరుకుతుందన్న హామీ ఇవ్వలేను.

రవాణా బాధ్యుడు:

బస్సు నిలిపే చోటు నుంచి ప్రవేశ ద్వారానికి ఎంత నడవాలో ట్రావెల్స్ వారిని రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాగానే ఇక్కడ పెడతాను. రెండు మడత కుర్చీలు, ఒక చక్రాల కుర్చీ మా ఇంట్లో ఉన్నాయి, బస్సులో వేసుకుని వస్తాను. ఇంకో చక్రాల కుర్చీ ఎవరి దగ్గరైనా ఉందా?