సిటీ హైబ్రిడ్ ఓనర్లూ, ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కారు కొంటారా?

నిజాంపేట్_వాసి

అందరికీ నమస్కారం. హోండా సిటీ హైబ్రిడ్ తీసుకుందామని దాదాపు ఫిక్స్ అయ్యాను, కానీ డబ్బు కట్టేముందు ఓనర్ల నోటితోనే ఒక మాట వినాలని ఇక్కడ అడుగుతున్నా. రివ్యూలు చాలానే చూశాను, వాళ్ళంతా కారు కొత్తగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు నడిపి చెప్పేవాళ్ళే. నాకు కావాల్సింది సొంత డబ్బు పెట్టి కొని, ఈఎంఐ కట్టుకుంటూ రెండు మూడేళ్ళుగా నడుపుతున్నవాళ్ళ మాట. ఈరోజు అదే డబ్బు చేతిలో ఉంటే మళ్ళీ ఇదే కొంటారా? కొనకపోతే ఎందుకు కొనరు?

నేను రోజూ నిజాంపేట్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్ళి రావాలి, జేఎన్‌టీయూ దగ్గర మొదలైన ట్రాఫిక్ ఆఫీసు గేటు దాకా వదలదు. వీలైనప్పుడల్లా ఖమ్మం దగ్గర మా ఊరికి అమ్మానాన్నలతో వెళ్తుంటాం. అపార్ట్‌మెంట్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి అసోసియేషన్ వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి ఈవీ ప్రస్తుతానికి పక్కన పెట్టేశా. మామూలు పెట్రోల్ సిటీ ఆటోమేటిక్‌కీ దీనికీ నాలుగు లక్షల దాకా తేడా చెప్తున్నారు. ఆ తేడా ఎప్పటికైనా తిరిగొస్తుందా అన్నది ఒక ప్రశ్న, బ్యాటరీ పోతే ఏంటి అన్న టెన్షన్ ఇంకోటి. ఎస్‌యూవీ తీసుకోమని ఇంట్లో ఎలాగూ చెప్తున్నారు, నాకు సెడానే ఇష్టం, దయచేసి ఆ చర్చ ఇక్కడ వద్దు.

హఫీజ్‌పేట్_సెడాన్

బ్రో, నేనైతే కళ్ళు మూసుకుని మళ్ళీ ఇదే కొంటాను. 2022లో ఇది వచ్చిన కొత్తలో తీసుకున్నాను, అప్పట్లో జెడ్‌ఎక్స్ వేరియంట్ ఒక్కటే ఉండేది, ఎక్స్‌షోరూం ధర 19.49 లక్షలతో మొదలైంది.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పు లెక్క వేసుకుంటారు. మన ట్రాఫిక్‌లో పెట్రోల్ ఆటోమేటిక్‌కి లీటరుకి 13 కిలోమీటర్లు వస్తే గొప్ప. హైబ్రిడ్ అదే రోడ్డు మీద 21 దాకా ఇస్తుంది. లీటరు 107 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి పెట్రోల్ కారుకి ఎనిమిది రూపాయల పైన, దీనికి ఐదు. అంటే మిగిలేది మూడు రూపాయల చిల్లర. కొనేటప్పుడు ఎక్కువ పెట్టే నాలుగు లక్షల మీద తెలంగాణ లైఫ్ టాక్స్ కూడా పడుతుంది, అదీ కలిపితే తేడా నాలుగు లక్షల డెబ్బై వేల దగ్గర తేలుతుంది. అది తిరిగి రావాలంటే లక్షన్నర కిలోమీటర్లు నడపాలి. కాబట్టి పెట్రోల్ ఆదా కోసమే కొంటున్నానంటే మాత్రం వద్దు, ఆ డబ్బు బ్యాంకులో వేసుకో.

మరి ఎందుకు కొంటానంటున్నానంటే, ఆ ట్రాఫిక్‌లో ఇది నడిచే తీరు కోసం. ఇందులో మనకు తెలిసిన గేర్‌బాక్స్ ఉండదు. చక్రాలను తిప్పేది కరెంటు మోటారు, 1.5 లీటర్ల ఇంజిన్ చాలాసేపు జనరేటర్‌ని తిప్పి కరెంటు పుట్టించే పని మాత్రమే చేస్తుంది, హైవే వేగం అందుకున్నాక ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. మోటారు టార్క్ (లాగే బలం) 253 ఎన్‌ఎం, అదీ కాలు పెట్టగానే అందుతుంది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర పాక్కుంటూ వెళ్ళేటప్పుడు కుదుపు లేదు, శబ్దం లేదు, ఆటో హోల్డ్ వేస్తే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోనక్కర్లేదు. ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుదే, అందుకని మే నెల మధ్యాహ్నం జామ్‌లో ఇంజిన్ ఆగిపోయి ఉన్నా లోపల చల్లగానే ఉంటుంది. బ్యాటరీ చిన్నది, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు, కాబట్టి కాసేపటికి ఇంజిన్ తనంతట తానే లేచి ఛార్జ్ చేసుకుని మళ్ళీ పడుకుంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాకు ముందు కారుతో ఉండే చిరాకు ఉండట్లేదు, నా వరకు ఆ నాలుగు లక్షలు దానికే.

బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. పై లెక్కలో డబ్బు తిరిగొచ్చే దూరమూ, వారంటీ అయిపోయే దూరమూ ఇంచుమించు ఒకటే, అది కూడా మనసులో పెట్టుకో.

సూర్యాపేట_హైవే

నేను మళ్ళీ కొనను. కారు మంచిదే, నా పనికి అది కాదు.

నా డ్రైవింగ్ అంతా విజయవాడ హైవే మీదే. ఊళ్ళో ట్రాఫిక్ గురించి పైన చెప్పినదంతా నిజమే, కానీ 100, 110 మీద పట్టి నడిపితే బ్రేకు వేసేది తక్కువ, బ్రేకు వేయకపోతే బ్యాటరీకి తిరిగొచ్చే కరెంటూ తక్కువ, అక్కడ ఇది మామూలు పెట్రోల్ కారులాగే నడుస్తుంది. అప్పుడు మైలేజీ 18, 19కి దిగుతుంది. కంపెనీ చెప్పిన 26.5 అంకె చూసి హైవే కోసం కొనేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఓవర్‌టేక్‌కి గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక్కసారి మోగుతుంది, వేగం వస్తుంది గానీ ఆ మోతకి ఇంట్లో పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు.

అసలు గొడవ డిక్కీ. మామూలు సిటీకి 506 లీటర్లు, హైబ్రిడ్‌కి 306, బ్యాటరీ వెనకే ఉంటుంది కాబట్టి. అంకెల్లో చూస్తే తెలియదు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చళ్ళ డబ్బాలు, రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టి చూడండి, ఒకటి కచ్చితంగా వెనక సీట్లో ఎవరి కాళ్ళ దగ్గరో కూర్చుంటుంది. అమ్మానాన్నలతో ఊరెళ్తాం అన్నారు కాబట్టి షోరూంకి మీ ఇంట్లో సూట్‌కేసులే తీసుకెళ్ళి పెట్టి చూడమని గట్టిగా చెప్తున్నా, మొహమాటపడొద్దు.

ఇప్పుడైతే నేను ఫోక్స్‌వాగన్ విర్టస్ గానీ స్కోడా స్లావియా గానీ 1.5 టర్బో పెట్రోల్ తీసుకుంటాను. హైవే మీద వాటికి ఇరవైకి దగ్గరలో రావడం పెద్ద విశేషం కాదు, డిక్కీ కూడా పెద్దది.

సాగరతీరం_విశాఖ

నమస్తే అండీ. మాది విశాఖ, ఆసుపత్రి డ్యూటీకి నేను, అప్పుడప్పుడు మావారు నడుపుతాం. నేను మళ్ళీ ఇదే తీసుకుంటాను, ఆయన్ని అడిగితే "చూద్దాం" అంటారు.

ఘాట్ రోడ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు బ్యాటరీలో ఉన్నది కాసేపట్లో ఖర్చయిపోతుంది, అక్కణ్ణించి ఇంజిన్ ఒకే స్వరంతో గట్టిగా మోగుతూనే ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఏదో పాడైందనుకుంటారు, అది దాని పని తీరే. దిగేటప్పుడు మాత్రం దీనికి సాటి లేదు. గేర్ లివర్ బీ మోడ్‌లో (మోటారే బండిని ఎక్కువగా ఆపే మోడ్) పెట్టుకుని, స్టీరింగ్ వెనక ఉన్న ప్యాడిల్స్‌తో ఎంత గట్టిగా ఆపాలో ఎంచుకుంటే, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాల్సిన పని ఉండదు, ఆ శక్తంతా బ్యాటరీలోకి వెళ్తుంది. బ్యాటరీ నిండిపోయాక ఇంజిన్ ఉత్తినే తిరిగి బండిని పట్టి ఉంచుతుంది, కిందికి దిగుతుంటే ఇంజిన్ మోత పెరగడం చూసి కంగారు పడొద్దు. ఇలా నడపడం వల్ల బ్రేక్ ప్యాడ్లు కూడా చాలా కాలం వస్తాయి.

ఇంకో సంగతి, అందరూ పెద్ద బ్యాటరీ గురించి భయపడతారు గానీ ఇబ్బంది పెట్టేది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా కారు లేవదు. చాలా హైబ్రిడ్లు ఇంతే. మేము పిల్లల సెలవులకి ఊరెళ్ళి చాలా రోజులు కారు ముట్టుకోకుండా వదిలేసి వస్తే అదే జరిగింది, జంపర్ కేబుల్‌తో లేపుకున్నాం. ఎక్కువ రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వారానికోసారి కాసేపు ఆన్‌లో ఉంచమని చెప్పండి.

నిజాంపేట్_వాసి

చాలా థాంక్స్ అండీ, డిక్కీ సంగతి ఇంత సీరియస్‌గా తీసుకోలేదు, ఈ వారమే సూట్‌కేసులు పట్టుకెళ్తాను. ఇంకో రెండు డౌట్లు. ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) వల్ల మైలేజీ పడిపోయిందా? సర్వీసు ఖర్చు పెట్రోల్ కారు కంటే బాగా ఎక్కువా?

హఫీజ్‌పేట్_సెడాన్

కొంచెం పడింది, లేదని చెప్పను. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోల్ కంటే మూడో వంతు దాకా శక్తి తక్కువ, ఇరవై శాతం కలిపితే ఆ మేరకు ఏ కారుకైనా తగ్గక తప్పదు. హైబ్రిడ్‌కి ప్రత్యేకంగా ఏమీ లేదు. సర్వీసుకి ఆయిల్, ఫిల్టర్లు మామూలే, బిల్లు పెద్ద తేడా లేదు. ఇన్సూరెన్స్ మాత్రం కారు ధర మీద కాబట్టి ఎక్కువే. జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) వదలొద్దు. పాలసీలో హైబ్రిడ్ బ్యాటరీ, మోటారు కవర్ అవుతాయో లేదో రాతపూర్వకంగా అడుగు, నాకు ఒక ఏజెంటు నోటిమాటగా అన్నీ వస్తాయని చెప్పాడు, కాగితం మీద చూస్తే అది విడిగా కొనాల్సిన యాడ్ఆన్.

తెల్లాపూర్_ఈవీ

మూడేళ్ళు సిటీ హైబ్రిడ్ నడిపి అమ్మేసి ఈవీకి మారాను, కాబట్టి నా జవాబు కొనను అనే. దానికి కారణం కారు కాదు, మా ఇల్లు మారింది. ఇప్పుడు సొంత పార్కింగ్‌లో ఛార్జర్ ఉంది, రాత్రి పెడితే పొద్దున్నకి నిండుతుంది.

పన్నుల విషయం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారాక ఈ సైజు పెట్రోల్ కారుకీ హైబ్రిడ్‌కీ ఒకే 40 శాతం, ఈవీకి 5 శాతం. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ చివరి దాకా ఈవీలకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు, హైబ్రిడ్ కొనేవాళ్ళు లైఫ్ టాక్స్ పూర్తిగా కట్టాల్సిందే. ఉత్తరప్రదేశ్‌లో 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకి (సిటీలాగా మోటారుతోనే కాసేపు నడవగలిగేవాటికి) రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారు. ట్రాఫిక్‌లో పెట్రోల్ మూడో వంతుకి పైగా మిగిల్చే బండికి మన దగ్గర రూపాయి రాయితీ లేకపోవడం నాకు నిజంగా బాధగానే ఉంటుంది, ఛార్జర్ పెట్టుకునే వీలు లేని అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు మన సిటీలో ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

మీ అసోసియేషన్ ఏడాదిలోగా ఒప్పుకుంటుందన్న నమ్మకం ఉంటే ఆగండి. లేదంటే హైబ్రిడ్ తీసుకోండి, పబ్లిక్ ఛార్జర్ల మీదే ఆధారపడి రోజూ ఆఫీసుకి వెళ్ళడం వద్దు.

డల్లాస్_నుంచి

ఇక్కడి మాట కూడా ఒకటి వేస్తున్నా, పనికొస్తే చూడండి. నా దగ్గర టయోటా క్యామ్రీ హైబ్రిడ్ ఉంది. అమెరికాలో 2025 మోడల్ నుంచి క్యామ్రీ హైబ్రిడ్‌గానే వస్తోంది, మామూలు పెట్రోల్‌ది అసలు లేదు. ఎల్‌ఈ అనే వేరియంట్‌కి గాలన్‌కి 51 మైళ్ళు అని రేటింగ్, మీ లెక్కలో లీటరుకి 21, 22 కిలోమీటర్లు అనుకోండి. ఇక్కడ హైబ్రిడ్ కొంటే అదనంగా నాలుగైదు లక్షలు పెట్టాలన్న బాధ లేదు కాబట్టి మళ్ళీ కొంటావా అంటే ఆలోచించకుండా కొంటాననే చెప్తాను. బ్యాటరీ వారంటీ పదేళ్ళు లేదా లక్షన్నర మైళ్ళు. బ్యాటరీ వెనక సీటు కింద పెట్టారు, డిక్కీకి ఏం నష్టం లేదు, హోండా సిటీలో కూడా అలా చేసి ఉంటే సూర్యాపేట అన్న ఇలా రాసేవాడు కాదు.

ఆ సీటు కింద బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీ ఉంటుంది. దాని ముందు బ్యాగులు, దుప్పట్లు పడేయకూడదు, ఫిల్టర్‌లో దుమ్ము తీయించాలి. టెక్సాస్ ఎండలైనా మన ఎండలైనా బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. టయోటా హైబ్రిడ్ వాడేవాళ్ళు ఎవరైనా సర్వీసులో ఇది అడిగి చేయించుకోండి.

కర్నూలు_సెకండ్‌హ్యాండ్

నిజాంపేట్ అన్నా, ఒక మాట. కొత్తదే కొనాలా? సెడాన్లకి అడిగేవాళ్ళు తగ్గారు, హైబ్రిడ్ అంటే బ్యాటరీ భయం, అందుకని రెండు మూడేళ్ళ సిటీ హైబ్రిడ్‌లకి కొత్త ధర మీద బాగానే తగ్గిస్తున్నారు. నేను అలాగే తీసుకున్నా. హఫీజ్‌పేట్ బ్రో చెప్పిన లక్షన్నర కిలోమీటర్ల లెక్క నాకు వర్తించదు, ఎందుకంటే ఆ నాలుగు లక్షల తేడా మొదటి ఓనరే కట్టేశాడు. మళ్ళీ కొనాలన్నా ఇలాగే కొంటాను, కొత్తది మాత్రం కొనను.

చూసుకోవాల్సింది ఏంటంటే, సర్వీసులన్నీ కంపెనీ షోరూంలోనే జరిగాయా, బిల్లులు ఉన్నాయా, మిగిలిన బ్యాటరీ వారంటీ కొత్త ఓనర్ పేరు మీదకి వస్తుందా అన్నది సర్వీస్ సెంటర్ నుంచి కాగితం తీసుకోవాలి. నీళ్ళలో మునిగిన కారు అయితే ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి, హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ లాంటి వానలు ఎప్పుడు పడతాయో తెలియదు, సెల్లార్‌లలో మునిగిన కార్లు శుభ్రంగా తుడిచి వేరే ఊళ్ళలో అమ్ముతారు. డిక్కీలో పరిచిన గుడ్డ ఎత్తి కింద మట్టి చార, తుప్పు ఉన్నాయేమో చూడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడుగు. టెస్ట్ డ్రైవ్ షోరూం ముందు ఖాళీ రోడ్డు మీద కాకుండా సాయంత్రం ఆరు గంటలకి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో చెయ్యి, ఏసీ ఫుల్‌గా పెట్టి, ఇంజిన్ ఎంతసేపటికి లేస్తోంది, బ్యాటరీ గీతలు ఎంత త్వరగా పడిపోతున్నాయి చూడు. ఆన్ చేసిన కాసేపటికే గీతలు గబగబా పడిపోయి, అంతే గబగబా నిండుతుంటే ఆ కారు వద్దు.